వెనకడుగు

గుడి ఒక్క అక్షరం వెనక్కి జరిగింది, అంతే, అంతకు మించి కొంపలేం మునగలేదు, దానికి ఇంతమంది మొహాలు వేలాడేసుకుని ఎందుకు తిరుగుతున్నారో. బడి పంతులమ్మ తెల్లగుడ్డ అంచు ఎత్తి రాతిని చివరిసారి చూసుకుందామనుకుంది, చూసింది, పెదాలు కదుపుతూ చదివింది, గుడ్డ వదిలేసి నా కుర్చీ పక్కనుంచే ప్రెసిడెంటు దగ్గరికి పరుగెత్తింది. నాకు వినపడకూడదని గొంతు తగ్గించింది పాపం. గుసగుసలు వినడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు, ఏళ్ళ తరబడి అవి నా వెనకే కదా నడిచింది. "మనం చూపని అని కదండీ రాసిచ్చాం, ఆయన చూపిన అని చెక్కాడండీ!" అంది. శత్రువుకు వెన్ను చూపని వీరుడు అని ఉండాలి. న నెత్తిన కూర్చోవలసిన గుడి మేస్త్రి ఉలి కింద జారి ముందున్న ప నెత్తిన కూర్చుంది. శత్రువుకు వెన్ను చూపిన వీరుడు. నా తమ్ముడు. వాడి జ్ఞాపకానికి ఊరు నిలబెట్టిన రాయి మీద. టెంటు వేయించి, కుర్చీలు తెప్పించి, మైకు కట్టించి, ఊరంతా వచ్చి కూర్చున్నాక.

రావలసిన సైన్యాధికారి కారు దారిలో ఆగిపోయిందట, ఇంకో గంట పడుతుందని కబురు. ఈ గంటలో రాతిని ఎలాగైనా సరిచేయాలని వాళ్ళ తాపత్రయం. నేను ముందు వరసలో కూర్చున్నాను, ఒళ్ళో తాడు చుట్ట. గుడ్డ లాగడానికి పట్టు రిబ్బను తెస్తామన్నారు మొదట, రిబ్బను మీ ఆడపిల్లల జడలకు కట్టుకోండి, నా తమ్ముడి రాతికి నేను పేనిన తాడే ఉండాలన్నాను, నా నోటికి జడిసి సరేనన్నారు. మూడు పురుల తాడు, సన్నది, కొస నుంచి కొస దాకా బొటనవేలితో తడిమితే ఎక్కడా ఎత్తూ పల్లం తగలదు. ఈ చేతులతో, ఈ వయసులో, ఇంత సన్నని తాడు పేనడం మాటలు కాదు. నాన్న ఉంటే మెచ్చుకునేవాడా, అబ్బే, మెచ్చుకుంటే ఆయన సొమ్మేదో పోయినట్టు. తాడు రెండు చేతులకు చుట్టుకుని ఒక్క లాగు లాగి, ఊఁ అనేవాడు. బాగుందనడానికి ఊఁ, బాగాలేదనడానికి ఏమీ అనకపోవడం. ఆ ఊఁ కోసం నేనూ తమ్ముడూ రోజంతా చచ్చేవాళ్ళం.

మాది తాళ్ళు పేనే ఇల్లు. ఇల్లంటే ముందు ఒక గది, పక్కన వంటకు చిన్న వసారా, వెనక సన్నగా పొడుగ్గా పోయే దొడ్డి. దొడ్డికి ఒక కొసన చక్రం, రెండో కొసన గోడ, మధ్యలో గడ్డి కూడా మొలవని నేల, తొక్కి తొక్కి నున్నబడిపోయింది. దాన్ని తాళ్ళబాట అనేవాళ్ళం. చక్రం తిప్పేది నేను. నడుముకు నార చుట్టుకుని, ఆ నార కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ళ సందున నార కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడిచేవాడు తమ్ముడు. తాడు పేనేవాడు ముందుకు నడవడు. పురి చక్రం దగ్గర పుడుతుంది, కళ్ళు పురి మీద ఉండాలి, కాబట్టి మొహం చక్రం వైపు, అడుగు వెనక్కి. మొదట్లో నాన్న నడిచేవాడు, నాన్న మోకాళ్ళు మొరాయించాక వాడు. నేను తిప్పుతూ ఉంటే నా మొహంలోకే చూస్తూ నా నుంచి దూరమయ్యేవాడు, గోడ దాకా పోయి, పురి చుట్టబెట్టుకుని, మళ్ళీ పరుగెత్తుకొచ్చి, మళ్ళీ దూరమయ్యేవాడు, పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేదాకా అదే. నాకు వాడి వీపు గుర్తు లేదు. చెబితే నవ్వుతారు, కానీ నిజం, తోడబుట్టినవాడి వీపు ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను. వాడు వెళ్ళిపోవడం ఎప్పుడు తలుచుకున్నా మొహమే కనబడుతుంది, చిన్నదవుతూ, చిన్నదవుతూ, నోట్లో నారపోగు ఒకటి నములుతూ.

ఒక్కోసారి నాకు భయమేసేది, ఎవరో బిందె పెట్టి మరిచిపోయి ఉంటారు, పిల్లి పడుకుని ఉంటుంది. "వెనక రాయుందిరా!" అని అరిచేదాన్ని. "తెలుసులే అక్కా" అనేవాడు. తెలుసులే. ఎలా తెలుసురా నీకు, తల కూడా తిప్పవు కదా. మడమ ముందు ఆనించి, నేల ఏం చెబుతుందో విని, అప్పుడు బరువు వేసేవాడు. బిందెను ఎప్పుడూ తన్నలేదు, పిల్లిని ఎప్పుడూ తొక్కలేదు. తొక్కింది ఒకే ఒక్కసారి, నాన్న కాలు, దానికి నాన్న అన్న మాటలు ఇక్కడ మైకులో చెప్పేవి కావు.

వీధిలో పిల్లలు వాడికి వెనకడుగు అని పేరు పెట్టారు. ఒరే వెనకడుగూ, ఏరా వెనకడుగూ, మీ వెనకడుగు ఇంట్లో ఉన్నాడా అక్కా. ఈ ప్రెసిడెంటే పెట్టాడు, ఇప్పుడు పొట్టా పంచెలతో అటూ ఇటూ పరుగులు పెడుతున్న ఈ పెద్దమనిషే, అప్పుడు ఈనుపుల్లలా ఉండేవాడు, వాడికి ప్రాణస్నేహితుడు. బడి గోడ దగ్గర్నుంచి మా ఇంటి దాకా పందెం వేసుకునేవారు, ఇతను ముందుకు, మావాడు వెనక్కి. మావాడు ఓడిపోయేవాడు, కానీ ఎంత కొంచెంలో ఓడిపోయేవాడంటే గెలిచినవాడే సిగ్గుపడి తలవంచుకునేవాడు. ఇతని ఇంట్లో అన్నం తినడం కంటే మా ఇంట్లో తిన్నదే ఎక్కువ. ఇదిగో, ఇటే వస్తున్నాడు, మొహాన చెమట, చేతిలో నీళ్ళ సీసా, నన్ను మాటల్లో పెట్టడానికి.

"అక్కా, మంచినీళ్ళు తాగుతావా?"

"ఇందాకే తాగాను."

"ఎండ ఎక్కువగా ఉంది. కాసేపు బడి గదిలో కూర్చోరాదూ? ఫ్యానుంది."

"నన్ను లేపి ఆ రాతిని ఏం చేద్దామని?"

సీసా మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు. "విన్నావా?"

"పంతులమ్మది పాఠం చెప్పే గొంతురా. గుసగుసకు పనికిరాదు."

"మేస్త్రికి కబురంపాను అక్కా. రాతిపొడీ జిగురూ కలిపి ఆ గుడి పూడ్చేసి, పక్క అక్షరానికి కొత్తది చెక్కేస్తాడు. అరగంట పని. ఎవరికీ తెలీదు. నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు."

"ముందు మేస్త్రిని రానీ" అన్నాను. వెళ్ళాడు, రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి చూశాడు. ఏదో చెప్పాలనుకుని మింగేశాడు. ఈ మింగడం నాకు కొత్త కాదు. తమ్ముడి మాట వచ్చిన ప్రతిసారీ ఇతని గొంతులో ఏదో అడ్డం పడుతుంది, దుఃఖం అనుకునేదాన్ని.

నైలాను తాళ్ళు రాకపోతే వాడు సైన్యంలోకి వెళ్ళేవాడా, ఏమో, వెళ్ళేవాడే అనుకుంటాను. నైలాను వచ్చాక మా దగ్గరికొచ్చే బేరాలు సగానికి సగం పడిపోయిన మాట నిజమే, కానీ వాడు వెళ్ళింది అందుకు కాదు, తాళ్ళబాట గోడ అవతల ఏముందో చూడాలని వెళ్ళాడు, నాతో చెప్పాడు, రోజూ ఆ గోడ దాకా వెళ్ళి ఆగిపోతున్నాను అక్కా, వీపుకు గోడ తగిలితే చాలు ఒళ్ళు మండుతోందన్నాడు. పట్నంలో ఎంపికలు జరుగుతుంటే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఛాతీ కొలిపించుకుని వచ్చాడు. ఊరంతా ఒకటే నవ్వు. వీధి మొగలో దుకాణం పెట్టుకున్న బాబాయి, మాకు వరసకు బాబాయి, నాలుక్కి నరం లేని మనిషి, "వెనకడుగుగాడు సైన్యంలోకా! ఇంకేం, శత్రువులు ఎటు పారిపోవాలో తెలీక చస్తారు, ఎదురొస్తున్నాడా వెళ్ళిపోతున్నాడా అని!" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది తమ్ముడే. నేనూ నవ్వాను. ఇప్పుడు కూడా నవ్వొస్తోంది, ఎంత మంచి మాట అన్నాడో ఆ మహానుభావుడు, తెలియక అన్నాడు కానీ.

బస్సు దగ్గరికి మేమందరం వెళ్ళాం. నాన్న రాలేదు, చేతిలో ఉన్న పురి సగంలో వదలకూడదన్నాడు, ఆ రోజు ఆయన చేతిలో పురే లేదు. తమ్ముడు ఇనుప పెట్టె తలకెత్తుకుని, మా వైపు మొహం పెట్టి, బస్సు వైపు వెనక్కి నడవడం మొదలెట్టాడు, కావాలనే, నన్ను నవ్వించడానికి. జనం తప్పుకుంటున్నారు, కండక్టరు తిడుతున్నాడు. "ఒరే, వెనక మెట్టుంది!" అన్నాను. "తెలుసులే అక్కా" అన్నాడు, మడమతో మెట్టు వెతుక్కుని, వెనక్కే ఎక్కేశాడు, పెట్టె తలుపుకు తగలకుండా మెడ వంచి, ఒడుపుగా. ఆ ఎక్కడం చూసి కండక్టరు కూడా తిట్టడం ఆపేశాడు. బస్సు వెళ్ళిపోయింది. వాడి మొహం వెనక అద్దంలోంచి చిన్నదవుతూ పోయింది. అలవాటైన మొహమే, అలవాటైన దూరమవడమే, మళ్ళీ పరుగెత్తుకొస్తాడు అనిపించింది, రోజూ వచ్చేవాడు కదా.

వచ్చాడు, పెట్టెలో. యుద్ధం మొదలైన ఏడే. ఒంటికి నీళ్ళు పోయడానికి మగవాళ్ళు లోపలికి వెళ్ళారు, నన్ను గదిలోకి రానివ్వలేదు, వసారాలో కూర్చోబెట్టారు. లోపల నీళ్ళ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. వాణ్ణి పక్కకు తిప్పి ఉంటారు. గుండు వీపులోంచి దిగింది. అది ఎవరూ మాకు చెప్పలేదు, మా ఇంట్లో వాళ్ళకు తప్ప ఊళ్ళో అందరికీ చెప్పారు. దుకాణంలోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి, నేను సబ్బు కొనుక్కుని బయటికి రాగానే మళ్ళీ మొదలయ్యేవి. గాయం వీపు మీదుందట. వీపు మీద గాయం ఎలా అవుతుంది చెప్పండి. వెన్ను చూపాడన్నమాట. పోన్లెండి పాపం, చిన్నవాడు. నన్ను కాల్చింది ఆ పాపం అన్న మాట. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకు వచ్చిన తిట్లు వాళ్ళకు రావు. జాలిపడితే ఏం చేయను.

పొడుగాయన వచ్చింది ఆ మరుసటి ఏడు. తమ్ముడితో ఒకే దళంలో పనిచేసినవాడు, మా గుమ్మం నెత్తికి తగులుతుందని నడుము దాకా వంగి లోపలికొచ్చాడు. టీ ఇస్తే పక్కన పెట్టి, "ముందు తాళ్ళబాట చూపించండమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినేసరికి ఉలిక్కిపడ్డాను, తాళ్ళబాట అనే మాట మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. తీసుకెళ్ళాం. చక్రం చూశాడు, గోడ చూశాడు, చక్రం దగ్గర నేను నిలబడే చోట నిలబడి, "ఇదేనా మీ చోటు?" అన్నాడు. "నేను కూడా ఈ చోట్లో నిలబడ్డానమ్మా, ఒక పొద్దున" అన్నాడు.

ఏరు వరద మీదుంది. వంతెన కూలిపోయింది. అవతలి గట్టున గుట్టల మధ్య వీళ్ళ మనుషులే కొందరు చిక్కుబడిపోయి, తూటాలు అయిపోయి, ఎదురు చూస్తున్నారు. తెల్లవారుజామున దట్టంగా మంచు, ఆ మంచు విడిచేలోగా తాడు అవతలికి చేరాలి, తాడు పట్టుకుని దళం దాటాలి. ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఏటి మధ్యకు వెళ్ళేసరికి వెనక తాడు వదులై, నీళ్ళు దాన్ని కిందికి ఈడ్చి, దానితో పాటు మనిషినీ ఈడ్చేశాయి, లాగి గట్టున పడేశారు. ఇంకొకడు దిగాడు, అతనూ అంతే. అప్పుడు మావాడు ముందుకొచ్చి, "ముందుకు నడిచేవాడికి తాడు వీపు వెనక ఉంటుంది సార్, అది ఎప్పుడు వదులైందో వాడికి తెలీదు. నన్ను పంపండి, నేను వెనక్కి నడుస్తాను" అన్నాడట. పై అధికారి వేళాకోళం అనుకుని మండిపడ్డాడట. వేళాకోళం కాదని చెప్పి, పొడుగాయనను గట్టున నిలబెట్టి, తాడు అతని చేతికిచ్చి, "మా అక్క నిలబడినట్టు నిలబడు, నేను అడిగినంతే వదులు, కళ్ళు నా మీదే ఉంచు" అన్నాడట. నా చోటు ఆయనకిచ్చాడు. నేను లేని చోట నా చోటు ఒకటి ఉంచుకున్నాడు, ఇంకొకరికి ఇవ్వగలిగేంత పదిలంగా. పొడుగాయన ఆ మాట చెప్పినప్పుడు నేను ఏడవలేదు. ఒళ్ళంతా నిటారుగా అయిపోయింది, అంతే.

"నా మొహంలోకే చూస్తూ వెళ్ళాడమ్మా" అన్నాడు పొడుగాయన. మడమతో రాయి వెతుక్కుంటూ, ఛాతీ లోతు నీళ్ళలో, తాడు మీద వెనక్కి వాలి, ఒక్క అంగుళం కూడా వదులు కానివ్వకుండా. ఇక్కడ గుంటుంది, ఇక్కడ పాచి ఉందని వెనక వచ్చేవాళ్ళ కోసం చెబుతూ కూడా వెళ్ళాడట. అవతలి గట్టు దగ్గరపడుతుండగా మంచు విడిచింది. శత్రువు ఆ గట్టునే ఉన్నాడు. తమ వైపు వస్తున్న మనిషి వీపు వాళ్ళకు కనబడింది. వీపులోనే కాల్చారు. వాడు బోర్లా పడలేదు, రెండు బండల సందున కూలబడి, తాడు నడుముకు బిగించుకుని, కాళ్ళు బండకు తన్నిపెట్టాడట. ఇవతలి నుంచి వీళ్ళూ కాల్పులు మొదలెట్టి ఆ అదనులో ఒక్కొక్కరే తాడు పట్టుకుని దాటారు. అందరి కంటే చివర, కొసను చెట్టుకు కట్టేసి, పొడుగాయన దాటాడు. దగ్గరికి వెళ్ళి చూసేసరికి వాడు పోయి ఉన్నాడు, ఎప్పుడు పోయాడో తెలియదు, తాడు మాత్రం వదులవలేదు. చిక్కుబడినవాళ్ళందరూ ప్రాణాలతో ఇళ్ళకు చేరారు.

నాన్న అంతా విన్నాడు, మధ్యలో ఒక్క మాట అడగలేదు. అయిపోయాక, "తాడు తెగలేదుగా?" అన్నాడు. "లేదు బాబాయ్" అన్నాడు పొడుగాయన. "ఊఁ" అన్నాడు నాన్న.

ఆ ఊఁ లాంటి ఊఁ ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు, తరవాతా వినలేదు. ఊళ్ళో చెబుదాం నాన్నా, ఇప్పుడే చెబుదాం, ఈయన ఉండగానే అన్నాను. వద్దన్నాడు. "వాడు చేసింది మనకు తెలుసు. ఊరికి సంజాయిషీ ఇచ్చుకోవడానికి వాడేం తప్పు చేశాడు?" అన్నాడు. ఆయన పొగరు ఆయనది, ఆ పొగరే నాకూ వచ్చింది, ఇద్దరం తలెత్తుకుని ఆ వీధిలో నడిచాం, జాలి చూపులు చెప్పు కింద దుమ్ముతో సమానం మాకు. నాన్న పోయాడు. పొడుగాయనా పోయాడని వాళ్ళ అబ్బాయి కబురంపాడు. ఇక ఆ ఏరు, ఆ మంచు, ఆ మొహం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, నేనూ, మొన్న నా నోట విన్న ఈ మేస్త్రీ.

మేస్త్రికి నేనే చెప్పాను. రాయి ఎలా వస్తోందో చూద్దామని వాళ్ళ రేకుల షెడ్డుకు వెళ్ళానా, అతను కళ్ళద్దాల మీద రాతిపొడి తుడుచుకుంటూ, "మీ తమ్ముడు ఎలా పోయాడమ్మా? తెలిస్తే చెయ్యి బాగా ఆడుతుంది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కరు అలా సూటిగా అడగలేదు. మేస్త్రిది ఈ ఊరు కాదు, అతనికి ఏ పాపమూ తెలియదు. చెక్కుడు బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. వింటూ ఉలి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. ఇదిగో వస్తున్నాడు, సంచి భుజాన, మొహంలో నెత్తురు చుక్క లేదు, పక్కన ప్రెసిడెంటు చిటపటలాడుతూ. ఇద్దరూ రాతి దగ్గరికి వెళ్ళబోతుంటే లేచి నేనూ వెళ్ళాను, గుడ్డ ఎత్తాను.

ఎంత అందంగా చెక్కాడో. వాడి పేరు, కింద ఆ మాట. ప నెత్తిన గుడి నిండుగా, గుండ్రంగా, అక్కడే పుట్టినట్టు ఉంది. వేలు పెట్టి తడిమాను. ఎక్కడా ఎత్తూ పల్లం లేదు.

"ఇన్నేళ్ళ పనిలో ఒక్క పొల్లు కూడా తప్పు పోలేదమ్మా" అన్నాడు మేస్త్రి. "కాగితం ఎదురుగానే ఉంది. కానీ నువ్వు చెప్పి వెళ్ళినాకే ఈ వరసకొచ్చాను. చెవిలో నీ మాటే ఉంది, వెన్ను చూపిన మనిషి, వెన్ను చూపిన మనిషి అని. చెయ్యి కాగితాన్ని వదిలేసి చెవి మాట విన్నట్టుంది."

"కబుర్లు తరవాత, ముందు జిగురు కలుపు" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆగరా. ఈ మాట రాయించిందెవరు, నువ్వేనా?"

మళ్ళీ అదే మింగడం. ఈసారి మింగుడు పడలేదు. పక్కకు తీసుకెళ్ళాడు నన్ను. "నేనే అక్కా. ఆ రోజు నీళ్ళు పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చూశాను. అప్పట్నుంచీ ఎవడు నోరు జారినా నేనే మూయించాను. ఇక ముందు ఎవడూ ఎత్తకూడదనే రాతి మీద ఈ మాట పెట్టించాను. వాడు పరుగెత్తితే మాత్రం ఏమక్కా? పాతికేళ్ళు లేవు, ఎవడైనా పరుగెత్తుతాడు. వాడు నా వాడే." ముసలి కళ్ళు, ఎర్రగా, నీళ్ళతో. ఇన్నేళ్ళుగా ఇతని గొంతులో అడ్డం పడింది దుఃఖం ఒక్కటే కాదన్నమాట. నమ్మాడు. వాడితో పందెం వేసి, వాడితో ఒకే కంచంలో తిని, నమ్మాడు. నమ్మి కూడా వదలలేదు, అబద్ధం రాతి మీద చెక్కించి మరీ కాపాడుకుందామనుకున్నాడు. కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది.

"వాడు పరుగెత్తలేదురా" అన్నాను.

"సరేలే అక్కా" అన్నాడు.

ఆ సరేలే ఉంది చూశారూ, పిల్ల పీడకల చెబితే తల్లి అనే సరేలే, అది తగలరాని చోట తగిలింది. నాన్నా, నీ పొగరు గొప్పదే, నేను కాదనను, కానీ ఈ సరేలే నువ్వు వినలేదు. నేను కూడా పోయాక ఈ రాయి ఒక్కటే మాట్లాడుతుంది. చూపని అని చెక్కి పెడితే, ఎప్పుడో ఒకడు వచ్చి, వీపులో గుండు తగిలిందటగా, మరి ఇదేమిటని నవ్వుతాడు, అబద్ధం కింద వాడు శాశ్వతంగా పడుకుని ఉంటాడు. చూపిన అని ఉంచితే, చదివిన ప్రతివాడూ ఆగి, ఇదేమిటని అడగాలి. అడిగితే ఊరు చెప్పాలి. చెప్పాలంటే ఊరికి తెలియాలి. చెప్పేదాన్ని నేనే, ఇవాళే, ఈ జనం ముందు, ఆ దుకాణం బాబాయి కర్ర పట్టుకుని రెండో వరసలో కూర్చుని ఉండగానే. అబద్ధం ఎందుకు, జనంలో నోరు విప్పి ఎరగను. నన్ను కూడా సరేలే అని ఊరుకోబెడితే?

"మేస్త్రీ, ఉలి సంచీలో పెట్టేయ్" అన్నాను. "నువ్వు సరిగ్గానే చెక్కావు."

"అక్కా, అర్థం చేసుకో, ఇంత జనం ముందు..."

"ఒరే, ఆ పందెంలో వాడు ఎటు తిరిగి పరుగెత్తేవాడో గుర్తుందా?"

వీధి చివర కారు హారను మోగింది. అందరూ లేచారు, అధికారి దిగాడు, నెరిసిన మీసం, నిటారు మనిషి, ఆలస్యమైందని అందరికీ చెప్పుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పంతులమ్మ నేను వాడికి అక్కనని అందరికీ చెప్పి తాడు లాగమంది. మైకు నా నోటి దగ్గర పెట్టారు, అది కుయ్యిమంది, పక్కకు నెట్టేశాను, చక్రం దగ్గర నిలబడి గోడ దాకా వినబడేలా అరిచిన గొంతు నాది, నాకు మైకెందుకు.

"ఈ రాతి మీద తప్పుందని ఇందాకట్నుంచీ మనవాళ్ళు కంగారుపడుతున్నారు. తప్పు లేదు. గుడ్డ తీశాక మీరే చదవండి. నా తమ్ముడు శత్రువుకు వెన్ను చూపాడు. గాయం వీపు మీదే ఉంది. మీలో చూసినవాళ్ళున్నారు." కుర్చీలు కిర్రుమన్నాయి. ప్రెసిడెంటు తల వంచేశాడు. చెప్పాను. ఏరు చెప్పాను, మంచు చెప్పాను, ముందుకు నడిచినవాళ్ళ తాడు ఎందుకు వదులైందో చెప్పాను. "వాడు పారిపోతూ తిరగలేదు. శత్రువు మీదికి వెళుతూ తిరిగాడు. మా ఇంట్లో తాడు పేనేవాడు ఎలా నడుస్తాడో మీరందరూ చూశారు, చూసి నవ్వారు, వాడికి పేరు కూడా పెట్టారు. ఆ నడకే నడిచాడు. మొహం మనవాళ్ళ వైపు, అడుగు శత్రువు వైపు. వెనకడుగే వేశాడు, ఒక్కో వెనకడుగుకీ ఒక్కో మనిషి ఇల్లు చేరాడు." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, అంతకంటే ఏం లేదు. రెండో వరసలో దుకాణం బాబాయి కర్ర మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు, లేవలేని మనిషి. ఎదురొస్తున్నాడా వెళ్ళిపోతున్నాడా అన్నది ఆయనకు గుర్తొచ్చిందేమో. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు, అధికారి కూడా.

తాడు కొస గుడ్డ అంచుకు ముడేసి చుట్ట చేతికి తీసుకున్నాను. పక్కకు నిలబడి లాగండని పంతులమ్మ నేర్పింది, నేను రాతికి ఎదురుగా నిలబడ్డాను. నార వాసన, అరచేతిలో మూడు పురులు. తాడు వదులుతూ వెనక్కి అడుగేశాను, మడమ ముందు, తరవాత బరువు. జనం తప్పుకుని దారిచ్చారు. ఇన్నేళ్ళూ చక్రం దగ్గరే నిలబడ్డాను, ఒక్కసారి కూడా వాడి వైపు నుంచి నడవలేదు, ఇలా ఉంటుందన్నమాట, ఎంత వెనక్కి పోతే అంత నిండుగా కనబడతారన్నమాట ఎదురున్నవాళ్ళు. తాడు బిగిసింది. గుడ్డ జారింది. వాడి పేరు మీద ఎండ పడింది.

అప్పుడు నా వెనక నుంచి, జనంలోంచి, ఒక ముసలి గొంతు పైకి చదివింది, అక్షరం అక్షరం విడదీసి, చూపిన దగ్గర ఒక్క క్షణం ఆగి, మరీ గట్టిగా. "శత్రువుకు వెన్ను చూపిన వీరుడు!" ప్రెసిడెంటు గొంతు. ఇన్నేళ్ళలో మొదటిసారి దానికి ఏదీ అడ్డం పడలేదు.

నేను ఆగలేదు, తాడు ఇంకా ఉంది, ఇంకో అడుగు వేశాను.

"అక్కా, చూసుకో, వెనక మెట్టుంది" అన్నాడు.

"తెలుసులేరా" అన్నాను.